పనస తలుపు

"ఇంటిని యజమానురాలే స్వయంగా విప్పుకున్నందున దీనిని నష్టంగా పరిగణించలేము." ఒడియాలో ఉన్న ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. కళ్లద్దాలు తుడుచుకుని నాలుగోసారి చదివాను. అలాంటి వాక్యాలు తయారుచేయడమే నా బతుకుతెరువు. బరంపురంలో కచేరీల వీధి చివర నాకో కొట్టుంది. ఒక జిరాక్సు మిషను, ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా. దరఖాస్తంటే ఆవిడే రాయాలి అని నలుగురూ అంటుంటే విని విని నాకు కాస్త పొగరు కూడా ఉండేది. ఆ కాగితం నా పొగరు దించింది. ఎందుకంటే వాళ్లు ఆధారంగా చూపించిన మాట నేను టైపు చేసిందే.

ఆ దరఖాస్తు నా నేస్తానిది. స్నేహితురాలు అనడం లేదు, నేస్తం అంటున్నాను. మా వైపు నేస్తం కట్టుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఇద్దరు పిల్లలు అమ్మవారి ముందు నిలబడి, కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని, ఒకరి నోట్లో ఒకరు బెల్లంముక్క పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. ఒకరింట్లో చావొస్తే రెండో ఇంట్లో పొయ్యి వెలిగించరు. మా ఇద్దరికీ పన్నెండేళ్లప్పుడు కట్టారు. మా నాన్న ఆ తీరం బడిలో తెలుగు మాస్టారు, ఆమె నాన్నకి పడవ ఉండేది. నేను పెళ్లై బరంపురం వచ్చాను. ఆమె ఆ ఊళ్లోనే మేనమామ కొడుకుని చేసుకుని చేపల గంప ఎత్తుకుంది. వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి వచ్చి మా చుట్టుపక్కల వీధుల్లో అమ్మేది. అమ్మకం అయ్యాక నా కొట్టు ముందు గంప దించి, చెంబుడు నీళ్లు తాగి, పల్లె కబుర్లన్నీ చెప్పి వెళ్లేది. నలభై ఏళ్లుగా ఆమె పేరు నా నోటి వెంట రాలేదు, ఇక్కడా రాయను.

వాళ్ల పల్లె ఋషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర. సముద్రం ఆ ఊరిని ఒక్కసారిగా మింగలేదు. ముందు సరుగుడు తోట పోయింది. తర్వాత వలలు ఆరేసుకునే ఇసుక పోయింది. తర్వాత మొదటి వరస ఇళ్లు. ఇదంతా ఏళ్ల తరబడి జరుగుతున్నా వచ్చి ఫొటోలు తీసుకున్నవాళ్లే గాని అడ్డంగా ఒక బండరాయి వేసినవాళ్లు లేరు.

అక్కడ పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. అలలు వాకిట్లోకి వస్తున్నాయంటే ముందు తలుపు విప్పుతారు. తర్వాత ద్వారబంధం, ఆ తర్వాత కప్పు. గోడలు వదిలేస్తారు, ఎందుకంటే గోడ ఎక్కడైనా లేపుకోవచ్చు. నేస్తం అత్తగారికి పనస చెక్క తలుపు ఒకటి ఉంది. ఆవిడ మామగారు ఉద్దానం నుంచి పడవలో వేసుకొచ్చిన చెక్కట. ఆ తలుపును ఆ ముసలమ్మ తన జీవితంలో మూడిళ్లకు బిగించింది. మొదటిది తాటాకిల్లు, రెండోది మట్టిగోడల ఇల్లు, మూడోది ఇటుక గోడలకు రేకులేసిన ఇల్లు. సముద్రం ముందుకొచ్చిన ప్రతిసారీ వాళ్లు వెనక్కి జరిగారు, తలుపు కూడా వాళ్లతో పాటు జరిగింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆవిడ లెక్కలో తలుపు ఎక్కడుంటే ఇల్లక్కడే.

ఆ ఏడు ఆషాఢంలో తుఫాను హెచ్చరిక రాగానే అలవాటు ప్రకారం తలుపు విప్పారు, రేకులు దించారు. మూడో రోజుకి గోడలు, అరుగు, స్నానాల దడి అన్నీ పోయాయి. నేను బస్సు దిగి వెళ్లేసరికి అక్కడ నీళ్లే ఉన్నాయి. అల వెనక్కి వెళ్లినప్పుడు మాత్రం రుబ్బురోలు అంచు కనిపించేది. నేస్తం ఏడవలేదు. వేలు పెట్టి చూపిస్తూ ఇది వంటిల్లు, ఇది అరుగు అని నాకు నీళ్లమీద ఇల్లు చూపించింది. నేను మాత్రం బస్సెక్కేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇల్లు పోయినవాళ్లకి ఊరికి రెండు మైళ్లు లోపల మెట్టమీద కాలనీ కట్టి ఇస్తామన్నారు. జాబితాలో పేరుంటే స్థలం, ఇల్లు. పేరు లేకపోతే గుడారమే గతి, అదీ ఎన్నాళ్లు ఉంచుతారో తెలియదు. నేస్తం మొగుడితో కలిసి నా కొట్టుకొచ్చి దరఖాస్తు రాయమంది. ఏం రాయాలని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయమంది. రాశాను. "హెచ్చరిక రాగానే తలుపు, రేకులు విప్పి భద్రపరచుకున్నాము. మూడవ రోజున గోడలను సముద్రం తీసుకుపోయినది." పైగా ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను. ప్రభుత్వం ఎప్పుడూ జాగ్రత్త పడండి, జాగ్రత్త పడండి అని మైకుల్లో అరుస్తుంది కదా, వీళ్లు ఎంత జాగ్రత్తపరులో అధికారులకు తెలుస్తుందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నిరాకరణ కాగితం పట్టుకుని నేనే కచేరీకి వెళ్లాను. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, ఇక్కడ అందరూ ఆర్.ఐ. అంటారు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. టీ తాగుతూ నాకు విషయం బోధించాడు. గోడలు పడిన రోజున ఆ ఇంటికి కప్పు లేదు, తలుపు లేదు. కప్పూ తలుపూ లేనిది నివాస గృహం కాదు. కాబట్టి పోయింది ఇల్లు కాదు, ఉత్త గోడలు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కప్పుతో సహా మునిగిపోయి, లోపల ఇద్దరు ముగ్గురు చచ్చిపోయి ఉంటే అప్పుడు అది ఇల్లయ్యేదా అని అడిగాను. ఆయన నొచ్చుకున్నాడు. అంత మాట అనకండి, ఊరివాళ్లు పదిమంది, పట్నంలో పరువున్నవాళ్లు కొందరు సంతకాలు చేసిస్తే వచ్చే గురువారం స్వయంగా వచ్చి విచారణ చేస్తానన్నాడు. ఇంతకీ మీరు ఆమెకు ఏమవుతారని అడిగాడు. ఒడియాలో మా నేస్తాన్ని సంగాత అంటారు, ఆ మాటే చెప్పాను. ఆయన తలూపి, పక్కనే "బంధువు కాదు" అని రాసుకున్నాడు.

సంతకాలే కదా అనుకున్నాను. మా వీధుల్లో తెలుగువాళ్ల సంఘం ఒకటుంది. ఉగాదికి సన్మానాలు, కార్తీకంలో వనభోజనాలు చేస్తుంది. నేస్తం చేతి చేప తినని ఇళ్లు ఆ సంఘంలో నాలుగైదుకు మించి ఉండవు. వాళ్లనొక్కటే అడిగాను. దరఖాస్తు మీద సంతకాలు పెట్టండి, గురువారం నాడు నలుగురు పెద్దమనుషులు నాతో రండి అని. అందరూ అయ్యో అన్నారు. ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. సంతకం మాటెత్తేసరికి మాత్రం ఒక్కొక్కరే మొహం చాటేశారు. మనం పొట్టకూటికి వచ్చినవాళ్లం, సర్కారుతో మనకెందుకమ్మా అన్నాడు ఇంకో పెద్దాయన. ఆయన తాతగారు కట్టించిన మేడలో కూర్చునే ఆ మాట అన్నాడు. నాలుగు తరాలైనా పొట్టకూటికి వచ్చినవాళ్లమేనట.

సంతకాలకు బదులు బట్టలిచ్చారు. వ్యానెక్కి ఊరేగింపుగా పల్లెకు వెళ్లి, పెద్ద బ్యానరు కట్టి, దాని ముందు ముసలమ్మను నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. జరీ చిరిగిన పట్టుచీరలు, పిల్లల ఫ్యాన్సీ గౌన్లు, ఎవరిదో పెళ్లిసూటు కోటు. ఆ ఉక్కపోతలో, ఉప్పుగాలిలో, జాలరి ఇంటికి సూటు కోటు. ఫొటోలు అయిపోగానే బ్యానరు జాగ్రత్తగా మడతపెట్టి వెనక్కి పట్టుకుపోయారు. కనీసం దాన్ని వదిలేసినా ఒక కుటుంబానికి వాన ఆగేది. ముసలమ్మ మాత్రం కోటు చూసి సంతోషించింది. దాన్ని తన పనస తలుపుకి కప్పి, బొత్తాలు పెట్టి, ఉప్పు తడి తగలకుండా చూసుకుంది. ఆ విరాళాలన్నిటిలో పనికొచ్చింది ఆ కోటొక్కటే.

సంతకాలు పెట్టినవాళ్లు ముగ్గురు. ఇస్త్రీ బండి ఆయన, రిటైరైన నర్సమ్మ, మా వీధి చివరి ఒడియా పంతులమ్మ. పంతులమ్మ సంతకం కింద తన పూర్తి చిరునామా కూడా రాసి, పిలిస్తే వస్తానంది. ఆవిడ చేపలు తినదు.

ఇక మిగిలింది ఊరు. బుధవారం మధ్యాహ్నం పల్లెకు వెళ్లాను. గుడారాలన్నీ తుఫాను షెల్టరు పక్క మైదానంలో వేశారు. ఊరి పెద్దలు వల బాగుచేసుకుంటూ నా మాట విన్నారు, చూద్దామన్నారు, తల మాత్రం ఎత్తలేదు. పోనీ ఆడవాళ్లనడుగుదామని గుడారాల్లోకి వెళ్లాను. మొదటి గుడారంలో కూర్చోమని మంచంలాంటిది చూపించారు. కూర్చుంటే తొడ కింద ఏదో గుచ్చుకుంది. దుప్పటి తీసి చూశాను, గొళ్లెం. అది మంచం కాదు, నాలుగు ఇటుకల మీద పరిచిన తలుపు. రెండో గుడారంలో గిన్నెలు పేర్చిన బల్ల తలుపే. మూడోదాంట్లో వెనక దడిగా నిలబెట్టింది తలుపే, దానిమీద సర్కారు లెక్కలవాళ్లు తెల్లరంగుతో వేసిన ఇంటి నంబరు ఇంకా ఉంది. నాకు అప్పుడు అర్థమైంది. ఊరు ఊరంతా తలుపులు విప్పుకుంది. కాగితం మీద మాత్రం అందరూ సర్వం కొట్టుకుపోయిందని రాయించుకున్నారు. అందుకే వాళ్ల పేర్లు జాబితాలో ఉన్నాయి. నిజం రాయించుకున్నది నా నేస్తం ఒక్కతే, ఆ నిజం రాసింది నేను.

పట్నంలోవాళ్ల మీద రాని కోపం వీళ్లమీద వచ్చింది. వాళ్లకి ఏమీ తెలియదు, వీళ్లకి అన్నీ తెలుసు. ఎండుచేపల కళ్లంలో ఆడవాళ్లంతా ఉండగా గొంతు చించుకున్నాను. మీరంతా తలుపుల మీద పడుకుని, ఆమె తలుపు విప్పిందని పేరు కొట్టేస్తే నోరు మెదపరా అన్నాను. రేపు ఆర్.ఐ. వస్తాడు, సంతకాలు పెట్టకపోతే ఒక్కొక్క గుడారంలోకి నేనే తీసుకెళ్లి చూపిస్తాను అన్నాను. పక్క గుడారం ఆమె ఒక్కతే నెమ్మదిగా, తనకి ముగ్గురు పిల్లలని, తన పేరు కూడా కొట్టేస్తే వాళ్లనెక్కడ పెట్టుకోవాలని అడిగింది. అయినా నేను అరుపు ఆపలేదు.

నేస్తం చేతిలోని చేపలగంప కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడింది. నలభై ఏళ్లలో ఆమె నా మీద గొంతు పెంచింది లేదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"ఆల జోలికి ఎల్లకు. ఆల పిల్లలు నా పిల్లలు కాదేటి? అలగ సెప్పి నాకు ఇల్లు తెస్తే, ఆ ఇంట్లో నివ్వు అడుగెట్టొద్దు. ఇంక నేస్తం అని పిలవను, పేరెట్టి పిలుస్తాను."

పేరెట్టి పిలుస్తానంటే మా వైపు దానికంటే పెద్ద తిట్టు లేదు. తెంచుకోవడమే. అంతమంది ముందు సిగ్గు, కోపం, రెండూ కలిసి ఏడుపొచ్చింది. సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. దారంతా ఆమెనే తిట్టుకున్నాను. ఇల్లు పోయిన మనిషి ఊరందరినీ కాపాడుతుందట. మంచితనానికైనా ఒక హద్దుండాలి అనుకున్నాను.

గురువారం వెళ్లకుండా ఉండలేకపోయాను. మూడు సంతకాల కాగితం పట్టుకుని, పంతులమ్మను వెంటబెట్టుకుని పొద్దున్నే దిగాను. నేస్తం పలకరించలేదు గాని, పక్కకి జరిగి చోటిచ్చింది. ముసలమ్మ, కొడుకు కలిసి పనస తలుపు మోసుకొచ్చి, ఇల్లున్నచోట, నీటి అంచున నిలబెట్టి ఉన్నారు. దాని ఒంటిమీద ఇంకా ఆ కోటుంది. దాచిపెట్టమని ఎవరో చెప్పారట, ముసలమ్మ వినలేదట. దొంగసొమ్మేటి దాయడానికి అందట.

పది గంటలకు ఆర్.ఐ. గుమస్తాతో వచ్చాడు. తలుపును చూసి, నా వైపు చూసి, చూశారా, మీరే సాక్ష్యం పెట్టుకున్నారు అన్నట్టు నవ్వాడు. గుమస్తా రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను నోరు తెరిచేలోపు వెనక ఇసుకలో అడుగుల చప్పుడు వినిపించింది.

ఆడవాళ్లు. తలుపుకి ఇద్దరు చొప్పున, తలుపుని నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. నీలం తలుపు, అమ్మవారి బొమ్మ అంటించిన తలుపు, కింద చెక్క చీకిపోయిన తలుపు, నిన్న నేను కూర్చున్న గొళ్లెం తలుపు. తెచ్చి ముసలమ్మ తలుపు పక్కన వరసగా ఇసుకలో పడుకోబెట్టారు. ఇంటి నంబర్లు పైకి కనిపించేలా పెట్టారు. వెనకే మగవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ముగ్గురు పిల్లల తల్లి ఆర్.ఐ. ముందుకు వచ్చింది. మొదట ఒడియాలో మొదలుపెట్టింది, కోపం వచ్చేసరికి తెలుగులోకి దిగింది.

"బాబూ, మావూ పీకీసినాం. సముద్రం ఇంట్లోకి ఒస్తంటే తలుపు పీకకుండా ఎవులు కూకుంటారు? నిన్న ఈయమ్మ మమ్మల్ని కాసింది. ఈయమ్మ పేరు కొట్టీస్తే మా అందరి పేర్లూ కొట్టీండి."

గుమస్తా తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఆ లెక్క పూర్తయితే ఊరి జాబితా అంతా తప్పవుతుంది, ఆ జాబితా తయారుచేసింది ఆర్.ఐ. గారే. తన రాతలో ఉన్న తప్పు ఆయనకు మొదటిసారి కనిపించింది. మనుషులు కనిపించారని మాత్రం నేను అనుకోను. నన్ను పక్కకు పిలిచి చాలా మెల్లగా, ఎంతో సాయం చేస్తున్నవాడిలా చెప్పాడు. ఇదంతా ఎందుకు, కొత్త దరఖాస్తు ఒకటి రాసివ్వండి, తలుపు మాట, రేకుల మాట వద్దు, సమస్తం కొట్టుకుపోయిందని రాయండి, ఇప్పుడే తీసుకుంటాను అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లు తిప్పింది, అంతమంది ఆడవాళ్ల చేత తలుపులు మోయించింది, చివరికి ఒక అబద్ధం కోసమా? రాయను అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాసిన దరఖాస్తు మీ దగ్గర ఉంది, కళ్లెదుట తలుపులున్నాయి, వాటి మీద మీ నంబర్లే ఉన్నాయి, దాన్నే ఒప్పుకోండి అన్నాను. పంతులమ్మ కూడా నా పక్కన నిలబడి అదే మాట అంది. ఆయన గడియారం చూసుకున్నాడు.

నేస్తం వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"రాసీ, నేస్తం. మా అత్తకి గుడారంలో సావు రాకూడదు."

ఆ పిలుపు విన్నాక ఇంక నేను వాదించలేదు. సంచిలోంచి తెల్లకాగితం తీశాను. చుట్టూ ఇసుక, బల్ల లేదు, కుర్చీ లేదు, గాలి కాగితాన్ని లాక్కుపోతోంది. ముసలమ్మ చూసింది. పనస తలుపుని తనే వెల్లకిలా పడుకోబెట్టి, కోటు విప్పి, ఆ కోటు చేతితోనే తలుపుమీది పసుపు మరకలు తుడిచి, ఇక్కడెట్టుకుని రాయమంది. మోకాళ్లమీద కూర్చుని రాశాను. నా అక్షరం ఎప్పుడూ వంకర పోదు, ఆ రోజు పోయింది. "మా ఇంటి కప్పును, ద్వారమును, తలుపును, సమస్తమును సముద్రము తీసుకుపోయినది. మా వద్ద ఏమియు మిగలలేదు." చదివి వినిపించాను. ముసలమ్మకు ఒడియా బాగా వచ్చు. మొత్తం విని, తలుపు మీద చెయ్యేసి నిమిరింది.

నేస్తం వంగి సంతకం పెడుతుంటే మళ్లీ గాలి లేచింది. కాగితం కొస ఎగిరింది. ఆర్.ఐ. గారు చటుక్కున కిందికి వంగి, ఆ కొసని బొటనవేలితో తలుపుకి అదిమిపట్టుకున్నాడు. ఆమె సంతకం పూర్తయ్యేదాకా అలాగే పట్టుకుని, తర్వాత కాగితం తీసుకుని, వేలికి అంటిన పసుపు రుమాలుతో తుడుచుకున్నాడు.

నెల తిరిగేలోపు జాబితాలో పేరు వచ్చింది.